తప్పిన వంతు

నేను చేసినవన్నీ నాకు గుర్తున్నాయా అన్న అనుమానం పదకొండేళ్లుగా నన్ను వదలలేదు. తాగుడులో గడిపిన తొమ్మిదేళ్లలో చాలా రాత్రులు నా దగ్గర లేవు, పగళ్లు కూడా కొన్ని లేవు. పురుగు కొట్టిన నూలు గాబీని కప్పుకోబోయే ముందు వెలుగుకి ఎత్తి పట్టుకుంటే కనబడినట్టు, నేత ఉంటుంది, మధ్యమధ్య చిల్లులుంటాయి. బజార్లో ఎవరైనా నన్ను చూసి నవ్వితే నేనూ నవ్వుతాను, కానీ లోపల అడుగుతూనే ఉంటాను, నీకు నేనేం చేశానయ్యా, నీ గుమ్మం ముందు నిలబడి ఏమని అరిచాను, నీ ఇంట్లోంచి ఏం ఎత్తుకెళ్లాను అని. వాళ్లు చెప్పరు. మా దెబ్రె బిర్హాన్ వాళ్లకి చలి వల్ల నోరు తెరవడం బద్ధకమని పై ఊళ్లవాళ్లు అంటారు గానీ, అది మర్యాద. ఇవాళ మాత్రం ఆ అనుమానం పాత సంగతుల గురించి కాదు. నిన్న రాత్రి గురించి. నిన్న రాత్రి నేను నిద్రలో లేచానా, లేచి ఆ మూలకి వెళ్లానా? అక్కడ తెల్లా బాన ఉంది, మా పండగల నాటు బీరు. నా భార్య తిరువర్క్ తన చెల్లెలి ఇంట్లో పులియబెట్టిన బార్లీ తెల్లా, నిన్న సాయంత్రం ఇద్దరు మనుషుల చేత మోయించుకొచ్చి, మూతి చుట్టూ మట్టి మెత్తి మూసింది. పదకొండేళ్లలో ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి తెల్లా. ఇంట్లో ఇప్పుడు అది ఉంది, నేనున్నాను. చర్చి విడవడానికి ఇంకా గంట పడుతుంది.

తిరువర్క్ కూతుర్ని తీసుకుని పొద్దున్నే వెళ్లింది. గుమ్మంలో ఆగి పైట తలమీదికి లాక్కుంటూ, "గడ్డి వాడిపోకుండా నీళ్లు చల్లు, కోడికూర కింద సెగ చూసుకో," అంది. బాన మాట ఎత్తలేదు. నువ్వు ఉండు, నేనే చర్చికెళ్తాను అన్నాను. "ఇవాళ పెట్టే వంతు నీదా, నాదా? ఇంటి మనిషి ఇంట్లో ఉండాలి," అంది. నమ్మి వదిలిందా, పరీక్ష పెట్టిందా అని ముఖంలోకి చూశాను. ఆ ముఖంలో రెండూ లేవు. కూరలో కారం సరిపోయిందో లేదో అన్న ఆలోచన మాత్రం ఉంది. చెల్లెల్ని కాపలా పెట్టొచ్చు, బానని చివరి నిమిషం దాకా చెల్లెలింట్లోనే ఉంచొచ్చు, ఆ రెండూ చెయ్యలేదు, ఒకప్పుడైతే తాళం వేసి తాళంచెవి జాకెట్లో దోపుకునేది. నేను ఆ తాళం కూడా అమ్ముకున్నాను. అది గుర్తుంది. దాని గురించి ఎన్నిసార్లు క్షమించమన్నానంటే, ఒకరోజు ఆమె రొట్టె పిండి కలుపుతూ, "ఆ తాళం తుప్పు పట్టి ఉంటుంది ఈపాటికి, దాన్ని వదిలెయ్," అంది. పండగని నేలమీద పరిచిన పచ్చగడ్డికి నీళ్లు చల్లాను. నేలంతా పచ్చగా వాసనేసింది. బయటినుంచి పొగ వస్తోంది, హిదార్ నెల పన్నెండో తేదీ కదా, ఊరంతా ఇళ్లూ వాకిళ్లూ ఊడ్చి చెత్త తగలబెడుతున్నారు, తాతల నాడు ఊళ్లు తుడిచిపెట్టిన జబ్బు మళ్లీ రాకూడదని. పొగ, పచ్చగడ్డి, కోడికూర, వీటన్నిటి కిందనుంచి సన్నగా గెషో వాసన.

గెషో ఆకు లేకపోతే తెల్లా లేదు. చేదు, మత్తు, పులుపు అన్నీ దాని చలవే. నాకు దానితో గొడవేమిటంటే, నేను పిండిమిల్లులో పనిచేస్తాను. బార్లీ, జొన్న, మిరపకాయలు, వాటితో పాటు ఇంటింటి ఆడవాళ్లూ ఎండిన గెషో తెస్తారు. మానేసిన మొదటి ఏడాది మిల్లులో ముక్కుకి గుడ్డ కట్టుకునేవాణ్ణి. పచ్చటి దుమ్ము కనురెప్పల మీద కూర్చునేది. ఇంటికెళ్తే తిరువర్క్ నా బట్టలు వాకిట్లోనే విడిపించి, అప్పటికప్పుడు వేడినీళ్లలో వేసేది, వాసన నా మీద ఎక్కువసేపు ఉంటే నన్ను తీసుకుపోతుందన్నట్టు. వేరే పని చూసుకోమన్నారు అందరూ. తాగుబోతుగా పేరుపడ్డవాడికి వేరే పని ఎవరిస్తారు? ఉన్న పనే చేశాను. ఎవరెవరి ఇళ్లలో పెళ్లి ఉంది, ఎవరింట్లో కర్మ ఉంది, ఎవరు కొత్తగా తెల్లా అమ్మడం మొదలుపెట్టారు, అన్నీ ఆ దుమ్ములోనే తెలిసేవి. ఆడవాళ్లు ఊరుకునేవారా! "జెగెయే, నువ్వు పట్టిన గెషో అయితే రెండ్రోజుల్లోనే పొంగుతుందిరా, నీ మీద దానికింకా ప్రేమ తగ్గలేదు," అని ఒకావిడ. పక్కావిడ వెంటనే, "ప్రేమించిందాన్ని వదిలేసి పెళ్లాం దగ్గరికి పోయాడు పాపం." నవ్వేవాణ్ణి. ఎన్నో ఏడాదిలోనో తెలీదు, గుడ్డ కట్టుకోవడం మరిచిపోయాను. మరిచిపోయానన్న సంగతి సాయంత్రం తిరువర్క్ చెప్తే గానీ తెలియలేదు.

ఆ మిల్లుకే రెండు నెలల కిందట ముసలి ఆస్రెస్ వచ్చాడు, గాషే ఆస్రెస్ అంటాం, గాషే అంటే పెద్దాయన అని. మా మిఖాయేల్ దూత సంఘానికి పెద్ద. పెద్దని మేం మోషే అంటాం, అందరినీ దారి తప్పకుండా నడిపించాలి కదా. పన్నెండిళ్ల సంఘం మాది. ప్రతి నెలా పన్నెండో తేదీన ఒక ఇంట్లో కూడతాం, ఆ ఇంటివాళ్లు రొట్టె, తెల్లా పెడతారు, త్సివా అనే మట్టిపాత్రలో తెల్లా పోసి దూత పేరు చెప్పుకుంటూ అందరూ అందులోంచే తాగుతారు, చివర్న వచ్చే నెల వంతు ఎవరిదో వాళ్లు ఆ పాత్రని ముద్దుపెట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు. మా నాన్న పోయాక ఆయన చోటు నాకొచ్చింది. హిదార్ నెల మాది. పద్నాలుగేళ్ల కిందట ఆ వంతు నేను తప్పాను. ఆ తర్వాత సంఘానికి మొహం చూపలేదు. ఏటా హిదార్‌లో నా బదులు ఆ ముసలాయనే రెండోసారి తన ఇంట్లో పెడుతున్నాడు. నా చోటు ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆరోజు మిల్లు రొదలో చెవి దగ్గరికొచ్చి, "ఈ హిదార్ నీది," అన్నాడు. గాషే, నేను పద్నాలుగు బాకీ ఉన్నాను, ఏ ముఖంతో పెట్టను అన్నాను. "పదమూడు నేను మిఖాయేల్‌కి నా ఇష్టంగా పెట్టుకున్నవి, వాటిలో నీ వాటా ఏమీ లేదు, ఆశపడకు. నువ్వు బాకీ ఉన్నది ఒక్కటి. నాకు ఎనభై దాటాయి. పైకెళ్లి దూత ముందు నిలబడ్డప్పుడు లెక్కలో ఒక ఇల్లు తక్కువని నేను చెప్పలేను." అరచేతి సంగతేమిటని అడిగాను. పోసే ఇంటి యజమాని ముందుగా తన అరచేతిలో కాస్త పోసుకుని అందరి ముందూ తాగాలి, ఇందులో చెడు లేదని చూపించాలి, అది మా పద్ధతి. ఆయన పిండి మూట భుజానికెత్తుకుంటూ, "ఆ గడియ రానీ," అన్నాడు. అంతే. అప్పటినుంచీ నిద్రలో కూడా నాకు నా అరచెయ్యే కనబడుతోంది.

ఆ పద్నాలుగేళ్ల కిందటిది మాత్రం నాకు చిల్లుల్లేకుండా గుర్తుంది, దేవుడు దాన్నొక్కదాన్ని ఎందుకు పూర్తిగా ఉంచాడో. తిరువర్క్ అప్పుడు నిండు కడుపుతో తెల్లా పెట్టింది. నేనూ మెంగెషా అనే నా స్నేహితుడూ మూడు రోజులు పగలంతా మత్తిచ్చే చాట్ ఆకు నమిలి, సాయంత్రం అరకీ సారా తాగి, అరకీకి డబ్బుల్లేక ఆ బాన మట్టి పగలగొట్టాం. ఒక చెంబు. మళ్లీ ఒక చెంబు. అడుగున మడ్డి తగిలింది. అప్పుడు నాకు వచ్చిన తెలివి చూడండి, బాన నిండా నీళ్లు పోశాను, మడ్డిని కర్రతో కలిపాను, రంగు వచ్చింది, వాసన కూడా కాస్త వచ్చింది, మళ్లీ మట్టి మెత్తాను. పన్నెండో తేదీ వాళ్లొచ్చారు. గురువుగారు ప్రార్థన చేశారు. నేను త్సివా నింపి ఇచ్చాను. గాషే ఆస్రెస్ మోకరించి, రెండు చేతులా పట్టుకుని తాగాడు. ఆయన గొంతు ముడి పైకీ కిందికీ కదలడం చూశాను. ఒక క్షణం ఆగాడు. "మిఖాయేల్ ఈ ఇంటిని కాపాడుగాక," అన్నాడు, మూతి తుడుచుకున్నాడు, పక్కవాడికి అందించాడు. ఆ పక్కవాడు తాగాడు, అదే మాట అన్నాడు. పన్నెండిళ్ల వాళ్లూ మడ్డినీళ్లు తాగారు. ఒక్కరూ దగ్గలేదు, ఒక్కరూ నావైపు చూడలేదు, తలుపు దగ్గర కడుపు పట్టుకుని నిలబడ్డ తిరువర్క్‌కి ఆరోజు సాయంత్రం దాకా ఏమీ తెలియలేదు. బయటికి ఎలా పొక్కిందో గానీ, మర్నాడు సారా కొట్టులో ఎవడో అన్నాడు, ప్రభువు పెళ్లింట నీళ్లని ద్రాక్షారసం చేశాడు, మన జెగెయే పండగపూట తెల్లాని నీళ్లు చేశాడు అని. నేనే అందరికంటే పెద్దగా నవ్వాను. తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టి ఉంటే ఆరోజే మానేసేవాణ్ణేమో. కాదు, మానేవాణ్ణి కాదు. ఇంకో మూడేళ్లు తాగాను.

ఎలా మానావని అడుగుతారు. కొత్తగా మానాలనుకునేవాళ్లు మరీ ఆశగా అడుగుతారు, నేనేదో మందు పేరు చెప్తాననుకుని. కొండకింద మిఖాయేల్ ఊట దగ్గర నలభై రోజులు పవిత్రజలంలో మునిగాను, నిజమే. తెల్లారకముందు ఆ నీళ్లు నెత్తిన పడితే ఎముక పగిలిన శబ్దం లోపల వినబడుతుంది. మెంగెషా నా పక్కనే మునిగాడు. నాకంటే గట్టిగా ఏడ్చాడు, నాకంటే ఎక్కువ ఉపవాసాలున్నాడు, గొంతు బాగుండేది వాడికి, కీర్తన పాడితే కుంటివాళ్లు కూడా లేచి నిలబడేవారు. ఆ శీతాకాలమే ఒక పొద్దున దారి పక్క గుంటలో దొరికాడు, మీద మంచు పేరుకుని. ఒకే నీళ్లు, ఒకే నలభై రోజులు. నాకేమో పట్టింది, వాడికి పట్టలేదు. ఇది న్యాయమా అని అడగడానికి నేనెవర్ని, కానీ అడుగుతూనే ఉంటాను. నా ఆత్మగురువు కిదానే గారిని అడిగితే, ఆయన చాలాసేపు గడ్డం నిమురుకుని, "నాకు తెలీదు నాయనా. నువ్వు ఇంటికెళ్లి ఆ గిన్నెలు కడుగు, నీ భార్యకి ఒంట్లో బాగాలేదన్నావుగా," అన్నారు. మొదట కోపమొచ్చింది. కడిగాను. అప్పట్నుంచీ రోజూ కడుగుతున్నాను. బహుశా ఊట నీళ్లే కావచ్చు, గిన్నెల నీళ్లు కావచ్చు, లేక నేను అలిసిపోయానేమో. మంగళవారం సాయంత్రాలు చర్చి వెనక గదిలో మానేసినవాళ్లం ఏడెనిమిది మందిమి కూర్చుంటాం. అక్కడ కూడా ఎవరికీ తెలీదు. తెలీకుండానే టీ తాగి, వచ్చేవారం వస్తామని చెప్పుకుని లేస్తాం. మెంగెషా వాళ్లమ్మకి ప్రతి పండక్కీ రొట్టె తీసుకెళ్తాను. ఆవిడ నా తల నిమురుతుంది. ఆ చేతికింద తల ఉంచడం కష్టం.

అదిగో, మళ్లీ ఆ బాన వైపే చూస్తున్నాను. నిన్న రాత్రి లేచానా? లేవలేదని ఎలా చెప్పను? లేచిన రాత్రుల్లో కూడా పొద్దున్నే ఇలాగే మంచం మీద ఉండేవాణ్ణి, ఇలాగే శుభ్రంగా, ఏమీ తెలియని మొహంతో. అందులో ఉన్నది తెల్లాయో నీళ్లో నాకెలా తెలుస్తుంది, ఇంకాసేపట్లో పన్నెండిళ్ల వాళ్లు వస్తారు, ఆ ముసలాయన మళ్లీ మోకరిస్తాడు, మళ్లీ ఆయన గొంతులో... చూడాలి. మూత తీసి చూస్తే తెలుస్తుంది. వాసన చూస్తే చాలు. వాసన మోసం చెయ్యొచ్చు, పోయినసారి చేసింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే, ఒక్క బొట్టు, మంచికోసమే కదా, వాళ్ల పరువు కోసం. ఆ మాట నా లోపల ఎంత మర్యాదగా, ఎంత భక్తిగా వచ్చిందంటే, అది ఎవరి గొంతో పట్టుకోవడానికి నాకు కాసేపు పట్టింది. చిన్నప్పుడు బళ్లో పక్కన కూర్చున్నవాడు పిలిచినట్టు పేరుపెట్టి పిలుస్తుంది అది. నోట్లో నీళ్లూరాయి. పదకొండేళ్ల తర్వాత కూడా! మనిషి నాలుకకి సిగ్గుండదు. లేచి రెండడుగులు వేశాను. అప్పుడే ఫోన్ మోగింది. మంగళవారం గదిలో నా పక్క కుర్చీ వాడు లుల్‌సెగెద్, ఒకప్పటి లారీ డ్రైవరు.

"ఏం చేస్తున్నావురా?"

"బాన ముందు నిలబడ్డాను."

"ఏమంటోంది?"

"ఒకసారి చూడమంటోంది. నీళ్లేమోనని."

 "ఒక్క చుక్కతో ఆపగలవు, నాతో పందెం అని నాకూ ఇలాగే చెప్పేది అది. ఒరే, మూతి మట్టి మీద ఎవరి గుర్తుంది? నీ భార్య వేలిముద్ర లేకుండా ఏదీ మూయదని నువ్వే కదా చెప్పావు. అది చూడు. కళ్లతో చూడు, చేత్తో కాదు. ఫోన్ పెట్టకు."

ఒంగి చూశాను. ఎండిన మట్టి మీద వరసగా బొటనవేలి ముద్రలు, చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చాయి, ఎక్కడా తెగలేదు. నా బొటనవేలు వాటి పైన, తగలకుండా, పట్టి చూశాను. నాది మిల్లువాడి వేలు, గోరు పక్క చీలి, వెడల్పుగా ఉంటుంది. అవి చిన్నవి. ఒక్కొక్కదానికీ ఒక పక్క సన్నటి గీత, పోయిన ఏడాది కత్తి తెగిన మచ్చ. అన్నీ ఆమెవే. నేను లేవలేదు. నిన్న రాత్రి నేను నిద్రపోయాను, మామూలు మనుషులు నిద్రపోయినట్టు, తెల్లారేదాకా. అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది. "ఏడుస్తున్నావా?" అన్నాడు లుల్‌సెగెద్. నవ్వుతున్నానన్నాను. "అలాగైతే కూర మాడిపోతుందేమో చూసుకో," అని పెట్టేశాడు. వెళ్లి చూశాను, అడుగంటడానికి సిద్ధంగా ఉంది. సెగ తగ్గించాను. కడిగి పెట్టిన కప్పుల్ని మళ్లీ కడిగాను, ఒక్కొక్కటీ, లోపలా బయటా. నీళ్లు చల్లగా ఉన్నాయి. కిటికీలోంచి ఎండ పడి గడ్డి మీది తడి మెరుస్తోంది. ఈ నిమిషాన నాకు ఏమీ అక్కర్లేదని గమనించాను. చాలా ఏళ్లుగా అలాంటి నిమిషాలు వస్తూనే ఉండి ఉంటాయి, నేను వాటిని కాపలా కాస్తూ గడిపేసి చూసుకోలేదు. చర్చి వైపునుంచి డప్పుల మోత దగ్గరవుతోంది.

వచ్చారు. తెల్లటి గాబీలు, పొగ వాసన, చలికి ఎర్రబడ్డ ముక్కులు. చెప్పులు విడిచి గడ్డి మీద కూర్చున్నారు. గాషే ఆస్రెస్‌ని ఇద్దరు చేతులు పట్టుకుని తీసుకొచ్చారు. తిరువర్క్ నా పక్కనుంచి పోతూ బాన మూతి మీదికి ఒక్కసారి చూసింది, చూసి నావైపు తిరిగి, "కూర మాడ్చావా?" అంది. కొంచెం అన్నాను. కిదానే గురువుగారు ప్రార్థన చేసి రొట్టె మీద శిలువ గుర్తు పెట్టారు. నేను మట్టి పగలగొట్టాను. వాసన గుప్పున లేచి ముఖాన కొట్టింది, చెంబు ముంచాను, నురగ లేచింది. అందరూ చూస్తున్నారు. ఎడమ చేత్తో చెంబు పట్టుకుని కుడి అరచెయ్యి చాచాను.  ఆ గడియ వచ్చేసింది, ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలీదు.

"ఇటు," అన్నాడు గాషే ఆస్రెస్. కూర్చున్నచోటునుంచే మోకాళ్ల మీద కాస్త జరిగి, తన ముడతల అరచెయ్యి నా అరచేతి మీద పెట్టాడు. "తెల్లా పొయ్యి. నీ చెయ్యి కిందుంది, నా చెయ్యి పైనుంది. పద్ధతి ఎక్కడా తప్పలేదు. ఏం గురువుగారూ?"

"కనబడటంలేదు నాకు, పొగ," అన్నారు కిదానే గారు, కళ్లు నులుముకుంటూ.

పోశాను. ఆయన చేతి బరువు నా చేతిలో ఉంది, వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు కారి నా మణికట్టు మీదుగా గాబీలోకి ఇంకిపోయాయి. ఆయన తాగాడు. గొంతు ముడి కదిలింది. ఆగాడు.  ఆయన ముఖం మెల్లగా ముడుచుకుపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది.

"ఏమిట్రా ఇది! చేదు విషం! మిల్లులో ఉన్న గెషో అంతా ఇందులోనే దులిపావా?"

త్సివా నింపి ఇచ్చాను. ఆయన పక్కన కూర్చున్న ముసలావిడ ఎమామా దెస్తా తాగి, నాలుక బయటపెట్టి, "అయ్యో నా గొంతు! తిరువర్క్, వీడు పిండి పట్టడమే గానీ కొలత తెలీదే వీడికి," అంది. "నా తప్పు లేదు, ఎక్కువెయ్యి ఎక్కువెయ్యి అని ఆయనే పట్టుబట్టాడు, నీళ్లలా ఉందంటారని," అని లోపల్నుంచి తిరువర్క్ అరిచింది. ఇల్లంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. ఒకాయన నవ్వుతో పొలమారి దగ్గాడు, ఇంకొకాయన కోడికూర మాడిందన్నాడు, ఎవరో రొట్టెలో ఉప్పు తక్కువన్నారు. పద్నాలుగేళ్ల కిందట నోరు మెదపకుండా మింగినవాళ్లు వీళ్లే. ఇప్పుడు ఎంత ధీమాగా సణుగుతున్నారు, నేనూ అందరిలాంటి ఇంటివాణ్ణే అన్నట్టు, నన్ను తిడితే విరగనన్నట్టు. తిడుతూనే కప్పులు చాపారు. పోశాను. మళ్లీ చాపారు. నేను నా వాటా కాఫీ తాగాను. మధ్యాహ్నం అవుతుండగా బాన పక్కకి వంచితే గానీ చెంబు మునగలేదు. చివరి కప్పు గాషే ఆస్రెస్‌ది. మొహం చిట్లించుకుంటూ అడుగుదాకా తాగి, నా భుజం ఊతంగా పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"హిదార్ వంతు తీరింది," అన్నాడు అందరికీ వినబడేలా. "తర్వాత ఎవరు?"

ఎమామా దెస్తా పైట సర్దుకుని ముందుకొచ్చింది. ఖాళీ అయిన త్సివాని కడిగి, ఎర్రగుడ్డలో చుట్టి ఆమె చేతుల్లో పెట్టాను. ఆమె దాన్ని ముద్దుపెట్టుకుని, గెషో సంగతి ఇంకోసారి గొణుక్కుంటూ, మా గడప దాటి తీసుకెళ్లిపోయింది.